గొడ్లా, భూమా, నీళ్లా? అమ్మానాన్నలకు చూపించడానికి ఫోర్ట్ వర్త్, ఓక్లహామా సిటీ, శాన్ ఆంటోనియోల్లో ఏది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారం బాగానే గడుస్తుంది. జెట్‌లాగ్, కాస్ట్‌కో, ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి. రెండో వారానికల్లా నాన్నలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో పోయే కార్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. న్యూయార్క్, నయాగరా టికెట్లు ఎలాగూ ఎప్పుడో బుక్ చేసి ఉంటాం. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు విమానం ఎక్కకుండా, కార్లో వెళ్లి, పాత అమెరికాను చూపించి రాగల ఊళ్లు మూడున్నాయి. ఫోర్ట్ వర్త్, ఓక్లహామా సిటీ, శాన్ ఆంటోనియో. మూడూ ఒకప్పటి ఫ్రాంటియర్ ఊళ్లే. ఫ్రాంటియర్ అంటే దేశ సరిహద్దు కాదు. చట్టం అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, కొత్తగా వచ్చినవాళ్లు వేరేవాళ్ల నేల మీద ఊళ్లు కట్టుకుంటూ ముందుకు జరిగిన అంచు.

ఏ ఊళ్లో ఎన్ని చూడాల్సినవి ఉన్నాయో లెక్కేసి ఎంచుకుంటే తప్పులో కాలేసినట్టే. మొదటిసారి నేను అదే చేశాను. ఇప్పుడైతే ఒకటే అడుగుతాను: వచ్చినవాళ్లు బతుకంతా దేనితో పెనుగులాడారు? గొడ్లతోనా, భూమితోనా, నీళ్లతోనా? మా నాన్నది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బండలాగుడు పందేలంటే అన్నం మానేసి వెళ్లే మనిషి. కాబట్టి మాకు జవాబు తేలిగ్గానే దొరికింది.

ఫోర్ట్ వర్త్: గొడ్ల ఊరు

డాలస్ నుంచి 50 కిలోమీటర్లు. ఇర్వింగ్ నుంచి ఇంకా దగ్గర. అయినా ఇక్కడ పదేళ్లుగా ఉంటూ ఒక్కసారి కూడా పోనివాళ్లు నాకు చాలామందే తెలుసు.

1849 జూన్‌లో ట్రినిటీ నది ఒడ్డున సైన్యం ఒక చిన్న స్థావరం పెట్టింది. జనరల్ విలియం వర్త్ పేరు దానికి పెట్టారు. ఆ పెద్దమనిషి అంతకు నెల ముందే శాన్ ఆంటోనియోలో కలరాతో పోయాడు. నాలుగేళ్లకు సైన్యం ఎత్తేసి వెళ్లిపోతే, ఖాళీ బారకాసుల్లో జనం దుకాణాలు పెట్టుకున్నారు. ఊరు నిలబడింది మాత్రం గొడ్ల వల్ల. అంతర్యుద్ధం అయ్యాక దక్షిణ టెక్సాస్ నుంచి కాన్సాస్ రైల్వే స్టేషన్లకు వేల పశువుల్ని చిషోల్మ్ దారి వెంట తోలుకుపోయేవాళ్లు. ఉత్తరాన రెడ్ రివర్ దాటితే ఇండియన్ టెరిటరీ, అంటే అమెరికా స్థానిక తెగలకు వదిలిన ప్రాంతం. సామాను కొనుక్కోవడానికి, తాగడానికి, పేకాడటానికి చివరి మజిలీ ఇదే. సారా కొట్లు, సానికొంపలు, జూదగృహాలు ఉన్న పేటకు హెల్స్ హాఫ్ ఏకర్ అని పేరు. అర ఎకరం నరకం అన్నమాట. ఇప్పుడు ఆ చోట కన్వెన్షన్ సెంటర్, వాటర్ గార్డెన్స్ ఉన్నాయి.

1875లో డాలస్ పత్రిక ఒకటి, ఈ ఊళ్లో ఎంత సందడి లేదంటే నడివీధిలో చిరుతపులి పడుకుని నిద్రపోతోంది అని ఎకసెక్కం చేసింది. ఫోర్ట్ వర్త్ వాళ్లు నొచ్చుకోలేదు సరికదా, పులినే బిరుదుగా పెట్టుకున్నారు. ఇవాళ్టికీ అక్కడి పోలీసుల బ్యాడ్జి మీద ఆ పులి పడుకునే ఉంటుంది. మరుసటేడు, 1876లో, రైలొచ్చింది. 1903 నాటికి స్విఫ్ట్, ఆర్మర్ అనే రెండు పెద్ద మాంసం కంపెనీలు పక్కపక్కనే ఫ్యాక్టరీలు తెరిచాయి. 1944లో ఆ ఒక్క ఏడాదే ఇక్కడి స్టాక్‌యార్డ్స్‌కు వచ్చిన పశువులు 50 లక్షల పైమాట.

స్టాక్‌యార్డ్స్ అంటే మన మాటల్లో పశువుల సంత. ఇప్పుడు అక్కడ బేరాలు లేవు, ఎర్ర ఇటుకల వీధి ఉంది. రోజూ ఉదయం 11:30కి, సాయంత్రం 4 గంటలకు ఎక్స్ఛేంజ్ అవెన్యూలో లాంగ్‌హార్న్ ఎద్దుల మందను గుర్రాల మీద కౌబాయ్‌లు తోలుకుపోతారు. టికెట్టు లేదు. పావుగంట కూడా పట్టదు. అయితే వీధి అంచున ముందు వరసలో నిలబడాలి, అందుకని పదకొండుకల్లా చేరండి. మా నాన్న కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. ఒక్కో ఎద్దు కొమ్ము కొస నుంచి కొమ్ము కొసకు ఆరేడు అడుగులు. మంద దాటిపోయాక అడిగిన మొదటి మాట: "ఈ కొమ్ములతో జత పక్కపక్కన ఎట్టా నిలబడతయ్‌రా, కాడి ఎట్టా కడతారు?" కట్టరు నాన్నా, ఈ జాతిని పెంచింది తినడానికి అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఎంత కావాలన్నా ఈ మాట దాటవేయలేం, ముందే చెప్పి తీసుకెళ్లడం మంచిది.

అసలు సంగతి రాత్రి జరిగింది. అక్కడే 1908లో కట్టిన కౌటౌన్ కొలీజియం ఉంది. రోడియో అంటే ఎద్దులతో, గుర్రాలతో కౌబాయ్‌లు ఆడే పోటీ. కప్పు కింద ఆడే రోడియో మొట్టమొదట ఇక్కడే, 1918లో జరిగిందని ఊరి గొప్ప. శుక్ర, శని రాత్రులు ఇప్పటికీ రోడియో ఉంటుంది. తలుపు తీయగానే బయటికి దూకిన ఎద్దుకు మూపురం ఉంది, మెడ కింద గంగడోలు ఊగుతోంది. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "అది మనదేరా!" అన్నాడు. ఆయన అన్నది ఉత్త మురిపెం కాదు. అమెరికన్ బ్రహ్మన్ జాతిని ఇక్కడివాళ్లు తయారుచేసుకున్నదే మన దేశం నుంచి తెచ్చిన పశువులతో. గుజరాత్ రకం, గిర్, కృష్ణా లోయ రకం, వాటితోపాటు నెల్లూరు రకం. ఒంగోలు జాతికి బయటి దేశాల్లో ఉన్న పేరే నెల్లూరు. టెక్సాస్ ఎండకు, పిడుదులకు యూరప్ పశువులు తట్టుకోలేకపోతే మనవి తట్టుకున్నాయి. రోడియోలో ఎగిరెగిరి మనుషుల్ని పడేసే ఎద్దుల్లో చాలావాటికి ఆ రక్తం ఉంటుంది. ఎనిమిది సెకన్లు కూర్చుంటే గెలిచినట్టు. ఆ ఎనిమిది సెకన్లూ నాన్న ఎద్దు పక్షమే.

ఒక హెచ్చరిక. దూడను తాడేసి పడగొట్టి కాళ్లు కట్టే పోటీ కూడా ఉంటుంది. మా అమ్మ అది చూడలేక లేచి బయటికొచ్చేసింది. బయట బిల్ పికెట్ విగ్రహం ఉంది. పరిగెత్తే గుర్రం మీద నుంచి ఎద్దు కొమ్ముల మీదకు దూకి దాన్ని పడగొట్టే విద్యకు పేరు తెచ్చిన నల్లజాతి కౌబాయ్ ఆయన. సినిమాల్లో కౌబాయ్‌లందరూ తెల్లవాళ్లే. నిజంగా గొడ్లు తోలినవాళ్లలో నల్లవాళ్లు, మెక్సికన్లు బోలెడుమంది.

మధ్యాహ్నం ఎండలో ఏం చేయాలంటారా? ఆ ఊరు మిగతా రెండింటినీ కొట్టేసేది అక్కడే. సంత నుంచి పది నిమిషాల్లో మ్యూజియంల పేట. కింబెల్ మ్యూజియం 1972లో తెరిచారు, కట్టినవాడు లూయీ కాన్. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిందీ ఆయనే. అహ్మదాబాద్‌కు వెళ్లి తిరిగొస్తూనే 1974లో న్యూయార్క్ రైల్వే స్టేషన్లో చనిపోయాడు. లోపల కాంక్రీటు కప్పు వంపులు తిరిగి ఉంటుంది. ప్రతి వంపు నడినెత్తిన సన్నటి చీలిక, దాని కింద అల్యూమినియం రెక్క. పై నుంచి దిగిన ఎండ దానికి తగిలి, వెనక్కి కప్పు మీద పడి, వెన్నెల రంగులో గదంతా పరుచుకుంటుంది. బొమ్మల కన్నా ముందు కప్పును చూడమనండి. "వడ్ల గోడౌన్ లెక్కనుందిరా, కాకపోతే చల్లగా ఉంది" అన్నాడు నాన్న. నవ్వబోయి ఆగాను. ఈ మ్యూజియం వెనకున్న కే కింబెల్ సంపాదనలో పెద్ద భాగం పిండి మరల మీద, గింజల వ్యాపారం మీద వచ్చిందే. సొంత సేకరణ చూడటానికి డబ్బులేం తీసుకోరు. పక్కనే ఏమన్ కార్టర్ మ్యూజియం, అదీ ఉచితమే. కౌబాయ్‌ల, గుర్రాల బొమ్మలు వేసిన రెమింగ్టన్, రసెల్ చిత్రాలు అక్కడున్నాయి. సోమవారం రెండూ మూసేస్తారు, అది మాత్రం మర్చిపోవద్దు.

ఏమన్ కార్టర్ పత్రికాధిపతి. డాలస్‌లో పైసా ఖర్చుపెట్టడం ఇష్టం లేక, అక్కడ పని పడితే ఇంటి నుంచి క్యారేజీ కట్టించుకుని వెళ్లేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ పంతం ఈ ఊళ్లో ఇప్పటికీ కనిపిస్తుంది. సంత ఊరు అనిపించుకుంటూనే 1962 నుంచి ప్రపంచస్థాయి పియానో పోటీ నడుపుతున్నారు. 1958లో మాస్కోలో సోవియట్ వాళ్ల గడ్డ మీదే చైకోవ్‌స్కీ పోటీ గెలిచొచ్చిన వాన్ క్లైబర్న్ పేరుతో, నాలుగేళ్లకోసారి. 2022లో గెలిచిన కొరియా కుర్రాడికి అప్పుడు 18 ఏళ్లు.

"మరి సంత మూతపడ్డాక ఊరెట్టా బతికింది?" అని మా నాన్న అడిగాడు. మంచి ప్రశ్నే. ఆర్మర్ 1962లో, స్విఫ్ట్ 1971లో మూసేశాయి. ఈలోగా పశ్చిమాన బయటపడిన చమురు డబ్బు వచ్చి చేరింది. 1942లో యుద్ధ విమానాల ఫ్యాక్టరీ వచ్చింది. అప్పట్లో బి-24 బాంబర్లు చేసిన ఆ షెడ్డులోనే ఇప్పుడు లాక్‌హీడ్ మార్టిన్ ఎఫ్-35లు బిగిస్తోంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే ప్రధాన కార్యాలయాలు ఇక్కడే. ఉత్తరాన సరుకు రవాణా కోసమే కట్టిన అలయన్స్ విమానాశ్రయం, దాని చుట్టూ గోడౌన్లు. 2024 అంచనాల్లో ఊరి జనాభా పది లక్షలు దాటింది. ఉద్యోగం కోసం ఇటు మారదామా అని చూసేవాళ్లకు ఒక మాట: రక్షణ రంగ కొలువులకు చాలావాటికి పౌరసత్వం అడుగుతారు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఫిడెలిటీ, ష్వాబ్ ఆఫీసులు ఉత్తరాన వెస్ట్‌లేక్‌లో ఉన్నాయి.

ఆటల్లో ఫోర్ట్ వర్త్‌కు సొంతంగా పెద్ద లీగ్ జట్టు లేదు. టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కాలేజీ ఫుట్‌బాల్ ఉంది. 2023 జనవరిలో జాతీయ ఫైనల్ దాకా వెళ్లి, జార్జియా చేతిలో 65-7తో చిత్తయింది. అయినా ఊరు ఊదారంగు చొక్కాలు మానలేదు. కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు పేరు డాలస్‌దే గానీ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ మాత్రం ఫోర్ట్ వర్త్ వాళ్ల టారంట్ కౌంటీలోదని వాళ్లు మురిసిపోతారు. మనవాళ్లకు వీటికన్నా దారిలో ఉన్న గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ముఖ్యం. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను ఓడించింది అక్కడే. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే అమ్మానాన్నలకైతే అన్నిటికన్నా స్టాక్ షో చూపించాలి. 1896 నుంచి జరుగుతున్న జాతర అది, 23 రోజులు. కడిగి, దువ్వి, డ్రయ్యర్‌తో వెంట్రుకలు ఆరబెట్టిన ఎద్దుల్ని పిల్లలు పలుపు పట్టుకుని నడిపిస్తుంటే పశువులున్న ఇంటి మనిషి అక్కడ్నించి కదలడు.

ఓక్లహామా సిటీ: భూమి ఊరు

మీ ఇంట్లో రిజిస్ట్రేషన్, సర్వే నంబరు, పాస్‌బుక్ మాటలు రోజూ వినపడతాయా? అయితే ఇక్కడికే తీసుకెళ్లండి. డాలస్ నుంచి కార్లో మూడు గంటల పైనే పడుతుంది, ఒక రాత్రి ఉండాలి.

మన దగ్గర అసైన్డ్ భూములు అంటాం కదా. ఇక్కడ ఏ తెగకూ కేటాయించని నేలకు అనసైన్డ్ లాండ్స్ అని పేరు. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండింటికి తుపాకీ పేల్చి, ఎవరు ముందు పరిగెత్తి గుంజ పాతితే వాళ్లదే 160 ఎకరాలు అన్నారు. గుర్రాల మీద, బండ్ల మీద, రైళ్లలో యాభై వేలమంది ఎగబడ్డారు. పొద్దున ఒక రైల్వే స్టేషన్ తప్ప ఏమీ లేని చోట సాయంత్రానికి పదివేల మంది గుడారాలు వేసుకున్నారు. అదే ఓక్లహామా సిటీ. సమయం కాకముందే దొంగతనంగా దూరి పొదల్లో దాక్కున్నవాళ్లను సూనర్స్ అన్నారు. ఆ తిట్టే ఇవాళ ఓక్లహామా యూనివర్సిటీ జట్టు పేరు. కబ్జాదారును బిరుదుగా పెట్టుకున్న ఊరు ఇంకెక్కడా ఉండదేమో అన్నాడు నాన్న.

బ్రిక్‌టౌన్‌లో ఆ పరుగును కంచు విగ్రహాలుగా పోశారు, నిలువెత్తుకు మించిన గుర్రాలు కాలువ దాటుతూ కనిపిస్తాయి. ఫొటోలు బాగా వస్తాయి. కానీ నా మాట విని ముందు ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం చూడండి. 2021లో తెరిచారు. ఓక్లహామాలోని 39 తెగల వాళ్లు తమ కథ తామే చెప్పుకున్న చోటు. చెరోకీ, చోక్టా, క్రీక్ లాంటి తెగల్ని 1830లలో ఆగ్నేయ రాష్ట్రాల నుంచి వెళ్లగొట్టి, ఈ నేల ఇక మీ సొంతం అన్నారు. అరవై ఏళ్లు తిరక్కుండానే అందులోంచి ఈ పరుగుకు నేల తీశారు. అది తెలిశాక విగ్రహాల దగ్గర నిలబడితే చూపు మారుతుంది. ఎల్లవేళలా భూసేకరణ గురించి మాట్లాడుకునే మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకో వింత. ఫోర్ట్ వర్త్‌లో సంత బొమ్మగా మిగిలితే ఇక్కడ నిజంగానే నడుస్తోంది. 1910లో మొదలైన స్టాక్‌యార్డ్స్‌లో సోమ, మంగళవారాల్లో ఇప్పటికీ పశువుల వేలం జరుగుతుంది. పైన చెక్క వంతెన మీద నడుస్తూ కింద దొడ్లలోని గొడ్లను చూడొచ్చు. వాసన మాత్రం అసలైనదే. పనిరోజు సెలవు పెట్టగలిగితే పశువుల మనిషికి ఇదే ఎక్కువ నచ్చే అవకాశం ఉందని ఒప్పుకుంటున్నాను.

ఊరి సంగతులు గబగబా చెప్పేస్తాను. చమురు ఎంత ఉందంటే శాసనసభ ముందు పూలమడిలో కూడా బావి తవ్వారు. 1993లో జనం ఓటేసి కొనుగోళ్ల మీద తమకు తామే ఒక సెంటు పన్ను వేసుకుని, ఆ డబ్బుతో పాడుబడ్డ గోడౌన్ల పేటలో కాలువ తవ్వించారు, స్టేడియాలు కట్టారు. 2008లో సియాటెల్ నుంచి బాస్కెట్‌బాల్ జట్టు వచ్చింది, 2025లో ఎన్‌బీఏ టైటిల్ కొట్టింది. ఇంట్లో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలుంటే ఇంక తర్కం అనవసరం, సీజన్లో ఇక్కడికే వెళ్లండి. 1995 ఏప్రిల్ 19న బాంబు పేలుడులో చనిపోయిన 168 మందికి 168 కుర్చీలు వేసిన స్మారకం ఉంది. పందొమ్మిది కుర్చీలు చిన్నవి. చీకటిపడ్డాక ఆ కుర్చీల కింద దీపాలు వెలుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సుడిగాలులు వస్తాయి, వాతావరణం చూసుకుని బయల్దేరండి.

శాన్ ఆంటోనియో: నీళ్ల ఊరు

డాలస్ నుంచి నాలుగున్నర గంటలు, ట్రాఫిక్ దయతలిస్తే. మూడింటిలో వయసులో పెద్దది. 1718లో స్పెయిన్ వాళ్లు మిషన్ (క్రైస్తవ మతప్రచార కేంద్రం), సైనిక స్థావరం పెట్టినప్పుడు మిగతా రెండూ ఊళ్లే కావు. ఇక్కడి ఫ్రాంటియర్ గుర్రాలది, తుపాకులది కన్నా చర్చిలది, కాలువలది. అందరూ అలమోకు పరిగెత్తుతారు. 1836లో టెక్సాస్ తిరుగుబాటుదారుల్ని మెక్సికో సైన్యం 13 రోజులు ముట్టడించిన పాత మిషన్ అది, చూడాల్సిందే. కాకపోతే నడిబజార్లో చిన్న రాతికట్టడం కనిపించేసరికి సగంమంది "ఇంతేనా?" అంటారు.

కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లను దక్షిణాన ఎస్పాడా మిషన్‌కు తీసుకెళ్లండి. 1740లలో అక్కడి స్థానిక జనంతో తవ్వించి, వాగు మీదుగా రాతి వంపులతో దాటించిన సాగునీటి కాలువలో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. మా మామగారిది కృష్ణా డెల్టా. ఆయన ఊరి నడుమ నది గట్టున ఉన్న రివర్ వాక్‌లో పడవెక్కమంటే ఎక్కలేదు గానీ ఈ కాలువ గట్టున అరగంట కూర్చుని వాలు ఎటుందో, తూములు ఎక్కడున్నాయో లెక్క తీశాడు. అలమోతో కలిపి ఈ మిషన్లకు 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రివర్ వాక్ కూడా నీళ్ల కథే. 1921 వరదలో యాభై మంది దాకా పోయాక నదిని కప్పేసి మురుక్కాలువ చేద్దామన్నారు. జనం అడ్డం తిరగబట్టి, ఇవాళ ఊరికి పర్యాటకం మీద డబ్బులొస్తున్నాయి. మిగతా బతుకుతెరువు సైనిక స్థావరాలు, టొయోటా ట్రక్కుల ఫ్యాక్టరీ. ఆటంటే స్పర్స్, ఐదు టైటిళ్లు. జులైలో మాత్రం వద్దు, పెద్దవాళ్లు ఆ ఉక్కకు తట్టుకోలేరు.

నా ఓటు, తిండి సంగతి

ఒక్క రోజే ఉంటే, మోకాళ్ల నొప్పులుంటే, ఎవరికేం నచ్చుతుందో తెలియకపోతే ఫోర్ట్ వర్త్. పొద్దున గొడ్లు, మధ్యాహ్నం ఏసీలో ఉచిత మ్యూజియం, రాత్రి రోడియో, పడుకోవడానికి ఇంటికి. కారు లేనివాళ్లు డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం నుంచి టెక్స్‌రైల్ ఎక్కొచ్చు. డాలస్ నుంచి వచ్చే టీఆర్‌ఈ రైలు ఆదివారం నడవదు. లాంగ్ వీకెండ్ దొరికితే, ముసలాయన భూమి మనిషైతే ఓక్లహామా సిటీ. నదులూ గుళ్లూ ఇష్టపడే అమ్మలకు శాన్ ఆంటోనియో, నవంబర్‌లోనో మార్చిలోనో. డాలస్ డౌన్‌టౌన్‌లో కూడా కంచు లాంగ్‌హార్న్‌ల మంద ఉంది కదా, అది చాలదా అని అడిగేవాళ్లుంటారు. ఫొటోకైతే చాలు.

మూడు ఊళ్లలోనూ మెనూ మొదటి పేజీ బీఫే. శాకాహారులకు మెక్సికన్ హోటళ్లే దిక్కు, అయితే బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా, అన్నం కోడి రసంలో వండుతారా అని రెండూ అడగండి. సిగ్గుపడితే పెద్దవాళ్లు పస్తుంటారు. మేమైతే పులిహోర కట్టుకుని వెళ్లి ట్రినిటీ పార్కులో చెట్టు కింద తిన్నాం. ఏమన్ కార్టర్ క్యారేజీ కథ అప్పుడే చెప్పాను, అమ్మకు తెగ నచ్చింది.

ఫోర్ట్ వర్త్‌లో ఇంకోటుంది, దానికి ఊరు దాకా పోనక్కర్లేదు. అమెరికా నోట్లు అచ్చయ్యేది రెండే చోట్ల, వాషింగ్టన్‌లో, ఫోర్ట్ వర్త్‌లో. ఇక్కడ అచ్చయిన నోటు ముందు వైపు, చిన్న అంకె పక్కన కంటికి ఆనీ ఆననట్టు ఎఫ్‌డబ్ల్యూ అని రెండక్షరాలుంటాయి. ఆ రాత్రి అమ్మ హ్యాండ్‌బ్యాగ్ మంచం మీద బోర్లించి, నాన్న భూతద్దం అడిగి తీసుకుని, నోటు నోటూ వెతికారు. పద్నాలుగు నోట్లలో తొమ్మిది ఇక్కడివే. అందులో కొత్తది ఒకటి అమ్మ వేరే కవర్లో పెట్టింది, తిరుపతి హుండీకట.